ప్రక్షిప్తం అన్నంత మాత్రాన రద్దయిపోదు

కొన్నేళ్ల కిందట, మాలో కొందరం ఎమ్మే తెలుగు చదువుకుంటున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. క్లాసులో రామాయణం మీద చర్చ నడుస్తోంది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, శంబూకుణ్ణి ఎందుకు చంపారు?" అని అడిగింది. మాస్టారు కోప్పడలేదు. నవ్వి, "ఉత్తరకాండ అంతా ప్రక్షిప్తం అమ్మా, వాల్మీకి రాసింది కాదు, కూచో" అన్నారు. ఆమె కూచుంది. మేమూ ఊరుకున్నాం.

ఆమె అడిగింది ఎందుకు చంపారని. ఆయన చెప్పింది ఎవరు రాయలేదని. ఈ రెంటికీ పొంతన లేదని మాకు ఆ పూట తట్టలేదు. ప్రక్షిప్తం అన్న సంస్కృత పదం వినబడగానే ఏదో శాస్త్రం తీర్పు చెప్పేసినట్టు అనిపించింది. ఆ తర్వాత సభల్లో, సెమినార్లలో, పత్రికల్లో అదే జవాబు ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మనుస్మృతి గురించి అడిగితే చెడ్డ శ్లోకాలన్నీ ప్రక్షిప్తాలంటారు. పురుషసూక్తం గురించి అడిగినా అదే మాట. వేమన పద్యాల్లో ఎవరికి నచ్చని పద్యం వాళ్లకి ప్రక్షిప్తమే.

ప్రక్షిప్తం అంటే మధ్యలో తెచ్చి వేసింది అని అర్థం. ప్రాచీన గ్రంథాల్ని పరిష్కరించే పండితులు ఇలాంటి చోట్లని గుర్తించడానికి రెండువేల మూడొందల ఏళ్లుగా కొన్ని గుర్తులు వాడుతున్నారు. అడ్డగీత, చుక్క, బాకు, బ్రాకెట్టు, అలలాంటి వంకర గీత. ఈ గుర్తులు ఏం చెప్తాయి, ఏం చెప్పలేవు, వాటిని అడ్డం పెట్టుకుని మన నోరు ఎట్లా మూయిస్తున్నారు అన్నది విచారించడానికే ఈ వ్యాసం. ఇది పండితుల గొడవ, మనకెందుకు అని కార్యకర్తలు అనుకోవచ్చు. మన మీద ప్రయోగించే ఆయుధం పనితనం మనకి తెలిసి ఉండాలి గదా.

మాంసం కాల్చే ఊచ

క్రీ.పూ. 3వ శతాబ్దం మొదట్లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో రాజుల డబ్బుతో పెద్ద గ్రంథాలయం నడిచింది. హోమర్ పేరు మీద చెలామణి అవుతున్న ఇలియడ్, ఒడిస్సీ కావ్యాల ప్రతులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి చేరాయి. ప్రతికీ ప్రతికీ పొత్తు కుదరలేదు. ఒకదాంట్లో ఉన్న పంక్తి ఇంకోదాంట్లో లేదు. గ్రంథాలయాధిపతి జెనొడోటస్ అనుమానం ఉన్న పంక్తికి ఎడమవైపు అంచులో చిన్న అడ్డగీత గియ్యడం మొదలుపెట్టాడు. దాన్ని గ్రీకులో ఒబెలోస్ అన్నారు. ఆ మాటకి మాంసం గుచ్చి కాల్చే ఊచ అని అర్థం. ఆ తర్వాత వచ్చిన బైజాంటియం అరిస్టోఫనీస్ నక్షత్రం లాంటి చుక్కగుర్తు చేర్చాడు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో అరిస్టార్కస్ అనే ఆయన వీటన్నిటినీ ఒక క్రమంలో పెట్టాడు. అడ్డగీత ఉంటే ఆ పంక్తి హోమర్‌ది కాదని అనుమానం. చుక్క ఉంటే ఆ పంక్తి వేరేచోట కూడా వచ్చిందని. చుక్కా అడ్డగీతా రెండూ ఉంటే ఆ పంక్తి అసలు చోటు ఇది కాదు, ఇంకోచోట ఉన్నది ఇక్కడికి వచ్చిపడిందని.

ఇందులో ముఖ్యమైన విషయం ఒకటుంది. అడ్డగీత పడిన పంక్తిని చెరిపెయ్యలేదు. పంక్తి తన చోట తను ఉంది, అనుమానం అంచులో ఉంది. చదివేవాడు రెండూ చూసి, ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోనూవచ్చు. అలెగ్జాండ్రియా పండితుల పుస్తకాలు చాలావరకు నాశనమయ్యాయి. వాళ్ల గుర్తులు, వాటికి వాళ్లు చెప్పిన కారణాలు మాత్రం తర్వాతి రాతప్రతుల అంచుల్లో బతికాయి. వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయంలో ఉన్న 10వ శతాబ్దపు ఇలియడ్ ప్రతి అలాంటిది. 1788లో విల్వాజోన్ దాన్ని అచ్చువేశాకే పాత పండితులు ఎక్కడ ఎందుకు అనుమానపడ్డారో యూరప్‌కి వివరంగా తెలిసింది. చెరిపేసి ఉంటే వాళ్ల తీర్పుని ఇవాళ ఎవరూ ప్రశ్నించగలిగేవారు కాదు.

క్రీ.శ. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఒరిగెన్ ఇవే గుర్తుల్ని బైబిల్ పాత నిబంధనకి వాడాడు. హీబ్రూ మూలాన్ని, గ్రీకు అనువాదాల్ని ఆరు నిలువు వరసల్లో పక్కపక్కన పెట్టాడు. గ్రీకులో ఉండి హీబ్రూలో లేనిదానికి అడ్డగీత పెట్టాడు. హీబ్రూలో ఉండి గ్రీకులో లేక తను చేర్చినదానికి చుక్క పెట్టాడు. తను చేర్చింది తనే ఒప్పుకోవడం అన్నమాట.

ఇవాళ గ్రీకు, లాటిన్ గ్రంథాల ముద్రణల్లో పరిష్కర్త తనకి దారి దొరకని చోట అటూ ఇటూ బాకు గుర్తులు పెడతాడు. ఇక్కడ పాఠం చెడింది, బాగుచెయ్యడం నా వల్ల కాలేదు అని దాని అర్థం. శాసనాలకి, పపైరస్ ప్రతులకి 1931లో లైడెన్‌లో ఒక ఒప్పందం కుదిరింది. సరిగ్గా కనబడని అక్షరం కింద చుక్క, పూర్తిగా పోయినచోట చదరపు బ్రాకెట్లు పెట్టాలని. తెలుసు, తెలియదు, ఊహిస్తున్నాను అన్న మూడింటినీ కలగాపులగం చెయ్యకుండా విడివిడిగా చూపించడమే ఈ గుర్తుల పని. ఈ నిజాయితీని మేం గౌరవిస్తాం. మన విమర్శకి కూడా ఇది కావాలి.

పీట ఎవరు వెయ్యాలి?

అయితే అనుమానం అంతా ఒక రకం కాదు. ప్రతులు పేచీ పడినందుకు వచ్చే అనుమానం ఒకటి. పండితుడి మర్యాదకి దెబ్బ తగిలినందుకు వచ్చే అనుమానం ఇంకొకటి.

ఇలియడ్ మూడో సర్గలో అఫ్రొడైటి దేవత హెలెన్‌ని పారిస్ గదికి తీసుకుపోతుంది. తన చేత్తో పీట తెచ్చి వేసి ఆమెను కూచోబెడుతుంది. జెనొడోటస్ ఈ పంక్తుల్ని ఒప్పుకోలేదు. కారణం ఏమిటో పాత వ్యాఖ్యానాల్లో ఉంది. దేవత అయినావిడ ఒక ఆడమనిషికి పీట వెయ్యడం తగదట. దీనికి వచ్చిన జవాబు కూడా అక్కడే ఉంది. ఆ సమయంలో దేవత ముసలి ఆడమనిషి వేషంలో ఉంది, ఆ సంగతి మర్చిపోయారు అని. ఆ ముసలామె హెలెన్ దగ్గర ఉన్ని వడికే మనిషి. వాదీ ప్రతివాదీ ఇద్దరూ ఒకచోట కలిశారు చూడండి. పీట వేసేది పనిమనిషే. పనిమనిషి కానివాళ్లు వేస్తే ఒకాయనకి పంక్తి మీదే అనుమానం వచ్చింది, ఇంకొకాయన పనిమనిషి వేషం చూపించి పంక్తిని కాపాడాడు. పీట వేసే మనిషి వైపు నుంచి చూడాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఇంకో ఉదాహరణ. ఇలియడ్ రెండో సర్గలో ఓడల జాబితా ఉంది. సలామిస్ ద్వీపం నుంచి వచ్చిన ఎయాస్ తన ఓడల్ని ఏథెన్స్ వాళ్ల పక్కన నిలిపాడని అందులో ఒక పంక్తి. సలామిస్ ఎవరిదన్న తగాదా ఏథెన్స్‌కీ మెగారాకీ మధ్య నడిచింది. ఏథెన్స్ తరఫున సోలోన్ ఈ పంక్తినే సాక్ష్యంగా చూపించాడని, అసలు దాన్ని అతనే చేర్చాడని ప్రాచీనులే చెప్పుకున్నారు. నిజంగా చేర్చాడా లేదా అన్నది పక్కన పెడదాం. కావ్యంలో ఒక పంక్తి పడితే ఒక ద్వీపం చేతులు మారుతుందని ఆనాటి వాళ్లకి తెలుసు.

ఈ సంగతి మన పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 1984లో రద్దయ్యేదాకా కరణం రాసిందే భూమికి రాత. అడంగల్‌లో, పహాణీలో రెండు వరసల మధ్య ఒక పేరు ఇరికితే దున్నేవాడు ఒకడు, పట్టా ఇంకొకడిది. చదువురాని వాడికి ఆ పేరు ఎప్పుడు పడిందో తెలియదు. తెలిసి అడిగితే, పొరపాటున పడింది అన్నారు. పొరపాటే కావచ్చు, భూమి మాత్రం పోయింది. ప్రక్షిప్తం అంటే ఏమిటో పండితులకంటే ముందు మన తాతలకి తెలుసు.

పూనా వంకర గీత

మన దేశంలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడింది పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ. 1917లో పుట్టిన ఆ సంస్థ 1919లో మహాభారతం సంశోధిత ముద్రణకి పూనుకుంది. 1925లో వి.ఎస్. సుక్తంకర్ ఆ పని చేతికి తీసుకున్నాడు. 1933లో ఆదిపర్వం ముగిసింది, 1966లో మొత్తం పూర్తయింది. కాశ్మీరు శారదా లిపి నుంచి మన తెలుగు, గ్రంథ, మలయాళ లిపుల దాకా 1,259 రాతప్రతులు పరిశీలించారు.

అక్కడి ఏర్పాటు ఇది. ప్రతులన్నీ పోల్చి నిలబెట్టిన పాఠం పేజీ పైభాగంలో ఉంటుంది. అందులో ఏ మాట మీద పరిష్కర్తకి పూర్తి నమ్మకం లేదో దాని కింద అలలాంటి వంకర గీత. కొన్ని ప్రతుల్లోనే కనబడే శ్లోకాలకి చుక్కగుర్తుతో అంకె వేసి కింద అధోజ్ఞాపికల్లో ఇచ్చారు. పెద్ద భాగాలైతే అనుబంధానికి పంపారు. ఇక్కడా ఏదీ పారెయ్యలేదు. పైగా, మేం నిలబెట్టింది వ్యాసుడి మూలం కాదు, దొరికిన ప్రతుల్ని బట్టి చేరగలిగిన అతి ప్రాచీన పాఠం మాత్రమే అని సుక్తంకర్ స్పష్టంగా చెప్పుకున్నాడు. మన ప్రక్షిప్తవాదులు ఈ వినయం నేర్చుకుంటే బాగుండును.

ఈ ముద్రణ వచ్చాక ఏం జరిగిందో చూడండి. స్వయంవరంలో కర్ణుడు విల్లు పట్టుకోబోతే, సూతుణ్ణి వరించను అని ద్రౌపది అందరిముందూ అన్న మాట మనం హరికథల్లో, నాటకాల్లో విన్నదే. సంశోధిత ప్రతిలో అది పై పాఠంలో లేదు, కింద నోట్స్‌లోకి పోయింది. చూశారా, కులం పేరెత్తి అవమానించడం తర్వాతివాళ్లు కల్పించింది అని కొందరు సంబరపడ్డారు. తొందరపడొద్దు. అంతకుముందు అస్త్రవిద్యల ప్రదర్శనలో, నీ కులానికి తగింది తోలే కర్రే, అది పట్టుకో అని భీముడు కర్ణుణ్ణి ఎత్తిపొడిచిన మాట పై పాఠంలోనే ఉంది. ఏకలవ్యుడి బొటనవేలు పై పాఠంలోనే తెగిపడింది. లక్క ఇంట్లో పాండవులకి బదులు కాలిపోయిన నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు పై పాఠంలోనే కాలిపోయారు. ఏకలవ్యుడి కథ నన్నయ ఆదిపర్వంలోకీ వచ్చింది. 1,259 ప్రతుల్ని జల్లెడ పట్టినా ఇవి జల్లెడలో నిలిచాయి. ప్రక్షిప్తం అని తప్పుకోవడానికి ఇక్కడ సందు లేదు. ఈ ముద్రణ మనకి చేసిన పెద్ద మేలు ఇదే అని మేం అనుకుంటున్నాం.

అందరూ ఏకమైనచోట గుర్తు పడదు

ఇక ఈ పద్ధతికి ఉన్న హద్దు. ప్రతులు పేచీ పడినచోటే వంకర గీత పడుతుంది. అన్ని ప్రతులూ ఒకే మాట చెప్పినచోట గీతకి పని లేదు. ఆ ప్రతులు రాసుకున్నదీ రాయించుకున్నదీ చదువు హక్కుగా ఉన్న కులాలు. వాళ్లలో వాళ్లకి తేడా వస్తే గుర్తు పడుతుంది. వాళ్లందరికీ ఇష్టమైన విషయం మీద తేడా ఎందుకొస్తుంది?

ఇది మేం కక్షతో అంటున్న మాట కాదు. సుక్తంకరే 1936లో భృగువంశం మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. భృగు బ్రాహ్మణుల కథలు, వాళ్ల గొప్పలు, పరశురాముడు క్షత్రియుల్ని ఇరవైయొక్క సార్లు నరికిన వృత్తాంతం భారతంలో ఎక్కడెక్కడ ఎన్నిసార్లు వస్తాయో లెక్క తీశాడు. భరతవంశపు యుద్ధకథ మహాభారతంగా పెరగడంలో భార్గవుల చెయ్యి ఉందని తేల్చాడు. కాని ఆ కథల్ని ఆయన తన ముద్రణలోంచి తియ్యలేకపోయాడు. అవి అన్ని శాఖల ప్రతుల్లోనూ ఉన్నాయి. వ్యాసంలో ఆయన చూపించిన చేతివాటానికి ముద్రణలో గుర్తు లేదు. అన్ని ప్రతులకీ తల్లి అయిన ప్రతిలోకే వచ్చి చేరినదాన్ని ప్రతులు పోల్చి పట్టుకోలేం.

పురుషసూక్తం సంగతి ఇంతకన్నా గట్టిది. ఋగ్వేదం పదో మండలంలోని 90వ సూక్తం అది. వేదాన్ని పదపాఠం, క్రమపాఠం, ఘనపాఠం అంటూ అక్షరం కదలకుండా నోటితో కాపాడారు. అక్షరం కదలలేదు కాబట్టి పాఠాంతరం లేదు. పాఠాంతరం లేదు కాబట్టి గుర్తు లేదు. శూద్రుడు పాదాల నుంచి పుట్టాడన్న మాట ఏ గీతా పడకుండా వేల ఏళ్లు నడిచి వచ్చింది.

ఆ గీత గీసింది అంబేడ్కర్. 1946లో వెలువడిన 'శూద్రులెవరు?' గ్రంథంలో ఆయన పురుషసూక్తాన్ని వేదంలోని ఇతర సృష్టికథల పక్కన పెట్టి పోల్చారు. దాని భాష మిగతా భాగాల కంటే ఆధునికంగా ఉందన్న యూరప్ పండితుల అభిప్రాయాల్ని చూపించారు. సూక్తం తర్వాత వచ్చి చేరిందని వాదించారు. అదే పుస్తకంలో శాంతిపర్వంలోని పైజవనుడి శ్లోకాన్ని తీసుకుని, ఏ రాతప్రతిలో ఏ పాఠం ఉందో పోల్చి చూశారు. 'శూద్రః' అన్న ఒక్క మాట నిలబడుతుందా లేదా అన్నదాని మీద ఆయన వాదంలో చాలా బరువు ఉంది. ఆ గ్రంథంలోని నిర్ణయాలన్నీ ఒప్పుకోవాలని మేం అనడం లేదు. శూద్రులు మొదట క్షత్రియులే అన్న ఆయన సిద్ధాంతం మీద వాదాలు ఉన్నాయి, ఉండాలి. మేం చెప్పేది పద్ధతి గురించి. బొంబాయిలో హైస్కూలు చదువులో సంస్కృతం తీసుకోనివ్వకపోతే పారశీకం చదువుకున్న మనిషి, సంస్కృత గ్రంథం అంచులో అనుమానం గీత గీశాడు. సంస్కృతం రానివాడికి ఈ విషయంలో ఏం పని అంటారని ఆయనకి తెలుసు. ఆ మాటకి ముందుమాటలోనే జవాబు చెప్పి మరీ రాశారు.

కడిగేసే ప్రక్షిప్తం

ఇప్పుడు మన మీద ప్రయోగిస్తున్న ప్రక్షిప్తం సంగతి చూద్దాం. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టాక దాన్ని వెనకేసుకురావడం కష్టమైపోయింది. వెనకేసుకొచ్చే కొత్త దారుల్లో ఒకటి శుద్ధి చెయ్యడం. ఆర్యసమాజ పండితులు 'విశుద్ధ మనుస్మృతి' అని ఒకటి తయారుచేశారు. 2,685 శ్లోకాల్లో 1,214 మాత్రమే అసలువి, 1,471 ప్రక్షిప్తాలు అని అందులో తేల్చారు. సగం కంటే ఎక్కువ పోయింది. ఈ లెక్కకి ఆధారం ప్రతుల మధ్య తేడా కాదు. వేదానికి విరుద్ధంగా ఉందా, ముందు చెప్పినదానికి విరుద్ధంగా ఉందా లాంటి పరీక్షలు. మనువు మంచివాడు అని ముందే నిశ్చయించుకుని, మంచివాడు అనకూడని మాటలన్నీ తీసేస్తే మిగిలేది మంచి మనువే గదా. జెనొడోటస్ పీట కథ ఇక్కడ మళ్లీ వచ్చింది.

దీని పక్కన ప్యాట్రిక్ ఒలివెల్ 2005లో వెలువరించిన సంశోధిత ప్రతి పెట్టి చూడండి. ఆయన రాతప్రతుల్ని పోల్చి పాఠం కట్టాడు. కొన్ని భాగాలు తర్వాత చేరినవని ఆయనా అన్నాడు. మొత్తం మీద ఈ గ్రంథం ఒక మనిషి పథకం ప్రకారం నడిచిందన్నాడు. చండాలుడు ఊరి బయట ఉండాలన్న పదో అధ్యాయపు శాసనం ఆయన పాఠంలోనూ ఉంది. ద్విజుణ్ణి తిట్టిన శూద్రుడి నాలుక కొయ్యాలన్న ఎనిమిదో అధ్యాయపు శిక్ష ఆయన పాఠంలోనూ ఉంది.

సరే, వాదం కోసం ఒప్పుకుందాం. ఆ 1,471 శ్లోకాలూ తర్వాత చేర్చినవే అనుకుందాం. ఎవరు చేర్చారు? ఎందుకు అవసరం పడింది? చేర్చినప్పుడు కాదన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేర్చాక ఇన్ని వందల ఏళ్లు ఎందుకు తియ్యలేదు? మనువు ఒక్కడు రాస్తే ఒక్కడి నేరం. తరతరాలుగా అనేకమంది చేర్చారంటే అది సమాజం చేసిన నేరం. ప్రక్షిప్తవాదం నేరాన్ని తగ్గించదు, నేరస్తుల సంఖ్యని పెంచుతుంది. ఊరి బయట పెట్టడానికి ఆ శ్లోకం అసలుదో నకిలీదో ఎవరూ చూడలేదు. మన వాడలు అసలు శ్లోకాల మీదా నకిలీ శ్లోకాల మీదా ఒకేలా నిలబడి ఉన్నాయి.

శంబూకుడి దగ్గరికి తిరిగి వద్దాం. ఉత్తరకాండ తర్వాతిదన్న మాట మాస్టారు కల్పించింది కాదు. బాల, ఉత్తరకాండలు తర్వాత చేరాయని 1893లో హెర్మన్ జాకోబీ వాదించాడు, పండితులు చాలామంది ఒప్పుకున్నారు. మేమూ ఒప్పుకుంటాం. కాని బరోడా ప్రాచ్య విద్యాసంస్థ 1960, 1975 మధ్య తెచ్చిన రామాయణం సంశోధిత ముద్రణలో ఉత్తరకాండ ఏడో సంపుటంగా ఉంది. అందులో శంబూక వధ అనుబంధంలో కాదు, పై పాఠంలోనే ఉంది. కాళిదాసు రఘువంశం 15వ సర్గలో ఈ కథ చెప్పాడు. 8వ శతాబ్దంలో భవభూతి నాటకంలోకి తెచ్చాడు. వాళ్లెవరూ దీన్ని ప్రక్షిప్తం అని పక్కన పెట్టలేదు. దేవుడి పట్టాభిషేకంతో ముగిసిన కథకి, తపస్సు చేసిన శూద్రుడి తల నరికే ఘట్టాన్ని తెచ్చి కలపవలసిన అవసరం ఎవరికో వచ్చింది. అంటే శూద్రుల తపస్సు ఆ కాలంలో ఎవరికో నిద్ర పట్టనివ్వలేదన్న మాట. మొదట్నుంచీ ఉన్న కథ కంటే తర్వాత చేర్చిన కథే ఈ సంగతి గట్టిగా చెప్తుంది. మాస్టారు కొట్టేసిన చోటే చరిత్ర మొదలవుతుంది.

ఆ ఘట్టంలో శంబూకుడికి దక్కింది ఒకటి రెండు శ్లోకాల మాట. తను శూద్రుణ్ణని, దేవత్వం కోరి తపస్సు చేస్తున్నానని నిజం చెప్తాడు. చెప్తుండగానే కత్తి పడుతుంది. తాళపత్రాలు రాసే మన వ్రాయసకాళ్లు మధ్యలో అక్షరం వదిలేస్తే అక్కడ హంసపాదు పెట్టి, వదిలింది అంచులో రాసేవారు. గ్రంథం పోయినచోట గ్రంథపాతం అని పరిష్కర్తలు రాస్తారు. శంబూకుడి మాట తెగిన చోట ఏ వ్రాయసకాడూ హంసపాదు పెట్టలేదు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూక వధ' నాటకం రాసి ఆ అంచులో నింపారు. ఆ నాటకానికి ఉన్న పరిమితుల గురించి విడిగా మాట్లాడుకోవాలి. ఖాళీ ఉందని చూపించినందుకు మాత్రం మనం దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

మన చేతిలో గీత

ఇంతసేపూ వాళ్లని అన్నాం. మన సంగతీ చూసుకోవాలి.

వేమనని మనం మన కవి అంటున్నాం. సి.పి. బ్రౌన్ 1829లో 693 పద్యాలు అచ్చువేశాడు, 1839లో 1,164 వేశాడు. ఆ తర్వాత అచ్చయిన పుస్తకాల్లో ఈ లెక్క వేలకి పోయింది. ఇన్నిట్లో వేమనవి ఏవి? మాలలు, మాదిగల పక్షాన కులాన్ని నిలదీసిన పద్యం కనబడితే ఇదే అసలు వేమన అంటాం. స్త్రీలని నీచంగా చూసిన పద్యం కనబడితే వెంటనే, ఇది ఎవరో ఇరికించింది అంటాం. ప్రతులు చూశామా? చూడలేదు. నచ్చింది అసలు, నచ్చనిది నకిలీ. విశుద్ధ మనుస్మృతికీ మన విశుద్ధ వేమనకీ పద్ధతిలో తేడా ఏముంది? ఈ మాట మాలోనే కొందరికి నచ్చలేదు. మా మధ్య వాదన జరిగింది, ఇంకా జరుగుతోంది. అయినా రాయాలనే అనుకున్నాం. ఆ పద్యాలు వేమనవే కావచ్చు. అప్పుడు వేమన ఆడవాళ్ల విషయంలో తన కాలాన్ని దాటలేదని రాయాలి. లేదా నిజంగా తర్వాతివే కావచ్చు. అప్పుడు ప్రతులు చూపించి గీత గియ్యాలి. తుడిచెయ్యడం మాత్రం మన పని కాదు.

మన కథల్ని అచ్చులోకి ఎక్కించేటప్పుడూ ఇదే. జాంబపురాణం ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా చెప్తారు. చిందువాళ్లు ఆడింది ఒకటి, డక్కలివాళ్లు చెప్పింది ఒకటి. ఇందులో అసలు ఏది అని వెతికితే మళ్లీ ఒక మూలప్రతి దేవుణ్ణి మనమే తయారుచేసుకుంటాం. నోటి కథకి పాఠాంతరమే ప్రాణం. సేకరించేవాళ్లు తమకి మోటుగా తోచిన మాట తీసేసి చుక్కలు పెట్టడం కూడా చూస్తున్నాం. ఆ చుక్కలు అనుమానం గుర్తులు కావు, సిగ్గు గుర్తులు. ఆ సిగ్గు కథ చెప్పినవాళ్లది కాదు, అచ్చువేసినవాళ్లది. ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నవి రాసుకుని, చెప్పింది చెప్పినట్టు వెయ్యాలి. సేకర్తకి అనుమానం ఉంటే అంచులో రాయాలి.

విద్యార్థి మిత్రులకి, పాఠాలు చెప్పే మిత్రులకి మేం చెప్పదలచుకున్నది ఇంతే. ఎవరైనా ఒక శ్లోకాన్నో పద్యాన్నో ప్రక్షిప్తం అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఏ ప్రతుల్లో లేదు? చేర్చారంటే ఏ కాలంలో, ఎవరి అవసరం కోసం? చేర్చినది అమలైందా లేదా? మొదటి ప్రశ్నకి జవాబు లేకపోతే అది శాస్త్రం కాదు, మర్యాద. రెండో ప్రశ్నకి జవాబు వెతికితే మన చరిత్ర దొరుకుతుంది. మూడో ప్రశ్నకి జవాబు కోసం పుస్తకం తెరవక్కర్లేదు, వాడకి వస్తే చాలు.

ఆ రోజు క్లాసులో లేచిన అమ్మాయికి మేం బాకీ ఉన్నాం. ఆమె అడిగినప్పుడు పక్క బెంచీలోంచి ఒక్కళ్లం లేచి, "ప్రక్షిప్తమే సార్, ఒప్పుకున్నాం. మరి దాన్ని తెచ్చి పెట్టినవాళ్లకి శంబూకుణ్ణి చంపాల్సిన అవసరం ఎందుకొచ్చింది?" అని అడిగి ఉండాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాం.